ధర్నాకు ముందు ఉత్తర్వు చదవాలి

ఒక అధ్యాపకుడిని రాజకీయ కక్షతో తీసేసినప్పుడు ఆ సంగతి ఏ ఉత్తర్వులోనూ రాయరు. ‘పరిపాలనా కారణాలు’, ‘అనుచిత ప్రవర్తన’, ‘కాంట్రాక్టు గడువు ముగిసింది’ అని రాస్తారు. విద్యార్థులు సాయంత్రానికల్లా బ్యానరు పట్టుకుని గేటు దగ్గరికి చేరతారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ కాగితం చూడకుండా దిగితే మర్నాడే చిక్కొస్తుంది. ‘మేం ఎవరినీ తొలగించలేదు, కాంట్రాక్టు పొడిగించలేదు, అంతే’ అని రిజిస్ట్రార్ అంటే, తిరిగి చెప్పడానికి ఎవరి దగ్గరా మాట ఉండదు.

అందుకే ముందుగా ఆ అధ్యాపకులను కలవాలి. పోరాటం వాళ్ల పేరు మీద నడుస్తుంది కాబట్టి వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఒక్క పోస్టరూ అంటించకూడదు. కేసు వేసే ఆలోచన ఉంటే లాయరు ఏ విషయం బయటపెట్టొద్దన్నారో కనుక్కోవాలి. తర్వాత నాలుగు కాగితాల నకళ్లు కావాలి: నియామక పత్రం, షోకాజ్ నోటీసు, దానికిచ్చిన జవాబు, చివరి ఉత్తర్వు. వీటి తేదీలన్నీ ఒకే పేజీలో వరుసగా రాయండి. పక్కనే ఆ అధ్యాపకుడి ప్రసంగం, వ్యాసం, దాని మీద ఏ నాయకుడైనా చేసిన వ్యాఖ్య, వాటి తేదీలు కూడా చేర్చండి. ఏళ్ల తరబడి బోధన మీద ఒక్క ఫిర్యాదూ లేకుండా, ప్రసంగమైన రెండు వారాలకే నోటీసు వస్తే, మీ చేతిలో ఉన్న అత్యంత బలమైన ఆధారం ఆ పేజీయే. అప్పీలు గడువు ఎప్పటితో ముగుస్తుందో పైన ఎర్రసిరాతో రాసుకోండి. ఎంత పెద్ద ఉద్యమమైనా దాటిపోయిన గడువును వెనక్కి తేలేదు.

ఇక డిమాండు. ‘సారు అభిప్రాయాలు సరైనవే’ అని వాదించడం మొదలుపెడితే సగం క్యాంపస్ దూరమవుతుంది. అడగాల్సింది వేరు: కారణం రాతపూర్వకంగా ఇవ్వండి, సాటి అధ్యాపకుల ముందు స్వతంత్ర విచారణ జరపండి, అది తేలేదాకా ఉద్యోగంలో ఉంచండి. ఉన్నత విద్యా బోధకుల హోదాపై 1997లో యునెస్కో ఆమోదించిన సిఫార్సు కూడా ఇదే చెబుతోంది: సహేతుకమైన కారణాన్ని సాటివారి స్వతంత్ర విచారణలోనో, కోర్టులాంటి నిష్పాక్షిక సంస్థ ముందో రుజువు చేయకుండా తొలగించకూడదు. అది చట్టం కాదు గానీ వినతిపత్రంలో ఉటంకించడానికి గట్టి ఆధారం.

విద్యార్థుల వాంగ్మూలాల్లో ‘చాలా మంచి సారు’ అని రాస్తే దేనికీ పనికిరాదు. ఏ సెమిస్టరు, ఏ పేపరు, క్లాసులో భిన్నాభిప్రాయం వస్తే ఏం చేశారు, మార్కుల్లో తేడా చూపారా అన్నవి ఎవరి మాటల్లో వాళ్లు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆయన రాజకీయాలతో ఏకీభవించని విద్యార్థి రాసిన ఒక్క పేజీ అభిమానులు రాసిన పాతిక పేజీల కంటే బరువైనది.

ఉత్తర్వు ఏ రకమో తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో అమెరికాలో తత్వశాస్త్రం బోధించిన ఏంజెలా డేవిస్ విషయంలో కనిపిస్తుంది. 1969లో కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలన్న కారణంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలకమండలి ఆమెను తీసేయబోయింది. ఆ కోర్సుకు క్రెడిట్లు ఇవ్వబోమని మండలి అన్నా లాస్ ఏంజెలెస్‌లో ఆమె మొదటి ఉపన్యాసానికి దాదాపు 2,000 మంది వచ్చారు. పార్టీ సభ్యత్వం కారణంగా తీసేయడం చెల్లదని కోర్టు చెప్పింది. 1970 జూన్‌లో అదే మండలి ఈసారి ఆమె ప్రసంగాల భాషను సాకుగా చూపి నియామకాన్ని పొడిగించలేదు. కోర్టులో గెలిచిన రోజునే విద్యార్థులు రెన్యువల్ తేదీని కూడా క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాలి.

బైఠాయింపు దాకా వస్తే, ఎక్కడ కూర్చుంటున్నామన్నది ముందే తేల్చుకోవాలి. పాలకమండలి సమావేశానికి ముందు, నిర్ణయం తీసుకునే భవనంలో కూర్చోవాలి. అత్యవసర ద్వారాలకు అడ్డం పడకూడదు. జీతాలు, స్కాలర్‌షిప్పులు చూసే సిబ్బందిని ఆపకూడదు, ఆపితే మనవాళ్లే మన మీద తిరగబడతారు. లోపల ఉన్నవాళ్ల పేర్ల జాబితా రాయొద్దు. అది ఎవరి చేతికైనా చిక్కితే చర్యలు తీసుకునేవాళ్లకు పని సులువవుతుంది. విదేశీ విద్యార్థులకు, స్కాలర్‌షిప్ మీద బతికేవాళ్లకు బయటి పనులు అప్పగించండి: భోజనాలు, పత్రికా ప్రకటనలు, తల్లిదండ్రులకు ఫోన్లు.

చర్చలకు పిలిస్తే ఇద్దరు మాట్లాడాలి, మూడో మనిషి రాసుకోవాలి. ‘పరిశీలిస్తాం’, ‘కమిటీ వేస్తాం’ అనగానే లేచి రావద్దు. కమిటీలో ఎవరుంటారు, నివేదిక ఏ తేదీకి, అంతవరకు జీతం ఇస్తారా అన్నవి అక్కడే తేలాలి. ధర్నాలో పాల్గొన్నవాళ్ల మీద చర్యలుండవన్న వాక్యం లేని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

ఇంత చేసినా ఓడిపోవచ్చు. 1968లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నల్లజాతి పండితుడు ఆర్చీ మఫేజేను ఆంత్రోపాలజీలో నియమించి, వర్ణవివక్ష ప్రభుత్వం ఒత్తిడి తేగానే వెనక్కి తగ్గింది. వందలాది విద్యార్థులు పరిపాలనా భవనంలో తొమ్మిది రోజులు బైఠాయించారు. ఉద్యోగం రాలేదు. విశ్వవిద్యాలయం ఆయన కుటుంబానికి అధికారికంగా క్షమాపణ చెప్పింది 2008లో, మఫేజే చనిపోయిన మరుసటి ఏడాది.

టర్కీలో 2016 నాటి సైనిక తిరుగుబాటు యత్నం తర్వాత, తొలగించే అధ్యాపకుల పేర్ల జాబితాలు నేరుగా అత్యవసర డిక్రీలకు జతచేశారు, విచారణే లేదు. 2017 ఫిబ్రవరిలో అంకారాలో అధ్యాపకులు తమ గౌన్లు నేల మీద పరిచారు, పోలీసులు వాటిని తొక్కుకుంటూ నడిచారు. ఆ తర్వాత పాఠాలు పార్కుల్లో సాగాయి. అలాంటి పాఠాలు నడపడం కష్టమేం కాదు: వారానికి ఒక నిర్ణీత రోజు, ఒక నిర్ణీత గంట, పాత సిలబస్, గొంతు అందేంత దూరంలో కూర్చునే నలభై మంది.

ఎక్కువ ఉద్యమాలు ఆగిపోయేది లాఠీలతో కాదు, సెలవులతో. పరీక్షలు మొదలవకముందే ఫైలు మొత్తం ఇద్దరు జూనియర్ల చేతికివ్వాలి: తేదీల పేజీ, వాంగ్మూలాలు, అందినట్టు ముద్ర వేయించుకున్న వినతిపత్రాల నకళ్లు, తర్వాతి పాలకమండలి సమావేశం తేదీ.