ఒకే ఫీజు రెండుసార్లు ఆదాయం కాకూడదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో సొంతంగా వృత్తి చేసుకొనే మావంటి వారికి పని సరిహద్దుకు రెండు వైపుల నుంచీ వస్తుంది. నేను రాయగడలో ఉండి ఇళ్లకు, గోదాములకు స్ట్రక్చరల్ డ్రాయింగులు వేస్తాను. పని ఇచ్చేవారిలో కొందరు ఇక్కడివారు, కొందరు పార్వతీపురం, విజయనగరం వారు. ఆంధ్రా నుంచి వచ్చిన ఫీజును అక్కడొకసారి, ఇక్కడొకసారి చూపాలా అని తోటివారు తరచూ అడుగుతారు. అక్కరలేదు. ఆదాయపు పన్ను కేంద్రానిది, పాన్ ఒక్కటే, రిటర్ను ఒక్కటే. జాగ్రత్త పడవలసింది వేరొక విషయంలో: ఒకే ఫీజు వేర్వేరు దారుల్లో రికార్డులకు ఎక్కి రెండు మూడు ఆదాయాలుగా కనబడుతుంది.

లక్ష రూపాయల ఫీజుకు 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000 రూపాయలకు బిల్లు ఇచ్చామనుకుందాం. బిల్లులో జీఎస్టీని విడిగా చూపితే, పని ఇచ్చిన కంపెనీ, ఫీజు మీద మాత్రమే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా కోసి మన పేరున ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకొని మిగిలిన 1,08,000 బ్యాంకులో వేస్తుంది. ఆ లక్ష 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమ అయిన పన్నుల పట్టికలో) టీడీఎస్ పద్దుగా చేరుతుంది. మనం దాఖలు చేసిన జీఎస్టీ రిటర్ను ద్వారా ఏఐఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ మన గురించి సేకరించే వార్షిక సమాచార పట్టికలో) టర్నోవరుగా మళ్లీ వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో మరో అంకెగా ఉంటుంది. మూడింటినీ కూడితే 3,08,000 అవుతుంది, కాని మన రాబడి లక్షే. జీఎస్టీ పోను చేతికి వచ్చింది అంతే కదా అని 90,000 చూపడం కూడా తప్పే, ఎందుకంటే పట్టుకున్న పదివేలు మన పేరున జమ అయిన పన్ను. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షను కింద, ఖర్చుల లెక్క లేకుండా రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే వృత్తిదారులకు, ఇలా అదనంగా చేరిన ప్రతి లక్ష వల్ల ఆదాయం యాభైవేలు పెరుగుతుంది. ఏడాది రాబడికి ఆ సెక్షను పెట్టిన 50 లక్షల పరిమితికి, నగదు రాబడి 5 శాతం మించనివారికైతే 75 లక్షల పరిమితికి, దగ్గరలో ఉన్నవారిని ఈ అదనపు అంకె ఆ సెక్షను నుంచే బయటకు నెట్టవచ్చు.

అన్నిటికన్నా చిక్కు పెట్టేది మార్చి బిల్లు. టీడీఎస్ నియమం ప్రకారం డబ్బు ఇచ్చిన రోజు, ఖాతాలో రాసిన రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే ఆ రోజే కోత పెట్టాలి కనుక, కంపెనీ మార్చి 31న పద్దు రాసి, సొమ్ము మేలో పంపవచ్చు. 26ఏఎస్ చూసి ఆ ఫీజును పాత సంవత్సరంలో చూపినవారు, బ్యాంకు స్టేట్‌మెంటు చూసి కొత్త సంవత్సరంలో మళ్లీ చూపే ప్రమాదం ఉంది. బిల్లు ఇచ్చినప్పుడు ఆదాయమా, సొమ్ము ముట్టినప్పుడు ఆదాయమా అన్నది ముందే నిర్ణయించుకొని ఏటా అదే పద్ధతిని పాటించాలి. రెండో పద్ధతిలో ఉన్నవారు ఆ టీడీఎస్‌ను కూడా ఆదాయం చూపే సంవత్సరానికే తీసుకువెళ్లాలి. 1962 ఆదాయపు పన్ను నియమాల్లోని 37బీఏ నియమం చెప్పేది అదే. ఆదాయాన్ని వచ్చే ఏటికి వాయిదా వేసి, కోతను మాత్రం ఈ ఏడే వాపసు అడగడం న్యాయం కాదు, నిలవదు కూడా.

కొన్నిసార్లు పొరపాటు ఇచ్చేవారి లెక్కల్లోనే ఉంటుంది. ఆగస్టులో 40,000 అడ్వాన్సు ఇచ్చి టీడీఎస్ పట్టుకొని, జనవరిలో తుది బిల్లు లక్షనూ పూర్తిగా పద్దు రాస్తే, మన పేరున 1,40,000 కనబడుతుంది. ఇందుకే నేను ప్రతి బిల్లుకూ నంబరు, తేదీ, ఫీజు, జీఎస్టీ, కోత, సొమ్ము ముట్టిన తేదీ ఒకే వరుసలో రాసుకుంటాను, మూడు నెలలకొకసారి వచ్చే టీడీఎస్ సర్టిఫికెట్టు ఫారం 16ఏను ఆ వరుసతో సరిచూస్తాను. రిటర్నులో చూపవలసిన మొత్తం ఆ రిజిస్టరులోది. ఏఐఎస్ దానిని పరీక్షించుకోవడానికి పనికివచ్చే సాక్ష్యం. తేడా కనబడితే మొదట కంపెనీ అకౌంటెంటుకు రాతపూర్వకంగా తెలిపి, టీడీఎస్ రిటర్నును సవరించమని కోరాలి. ఏఐఎస్‌లో ఆ పద్దుకు ఎదురుగా, ఈ సమాచారం వేరొక పద్దులో చేరి ఉందని తెలిపే ఎంపిక కూడా ఉంటుంది. రిటర్ను దాఖలుకు ముందే దానిని నమోదు చేసి, దాని రసీదును, అకౌంటెంటుకు పంపిన ఉత్తరాన్ని ఆ బిల్లు ప్రతితో కలిపి ఉంచుకోవాలి.