నాలుగు నిమిషాల ఆట

ఆదివారం. పొద్దున లేచేసరికి మళ్లీ మంచు, కారు మీద బెత్తెడు మందాన పేరుకుని ఉంది. అమెరికాలో ఈ డేటన్ (ఓహాయో) వచ్చి ఇన్నేళ్లయినా ఫిబ్రవరి ఆఖర్లో ఈ మంచు గోకుడు మాత్రం నాకు అలవాటు కాలేదు. పదింటికి పాప బాస్కెట్‌బాల్ మ్యాచ్. కోచ్ మొత్తం మీద దాన్ని నాలుగు నిమిషాలు ఆడించాడు, మిగతా సేపంతా బెంచీ మీదే. నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను, ఏ తండ్రైనా అదే పని చేస్తాడనుకుంటా.

కారెక్కాక మాట లేదు. గ్యాస్ కొట్టించుకుని వచ్చేసరికి ఏడుస్తోంది. ఏం చెప్పాలో తోచక, మా ఊరి వాళ్లందరం చేసే పనే చేశాను, ఇక్కడి యూనివర్సిటీకి ఆడి పేరు తెచ్చుకున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు ఓబీ టాపిన్ కథ ఎత్తుకున్నాను.

ఓబీ న్యూయార్క్ బ్రూక్లిన్ పిల్లాడు. వాళ్ల నాన్న కూడా వీధి కోర్టుల్లో డంకులు (ఎగిరి బంతిని పైనుంచి రింగులో వేయడం) కొట్టి పేరు తెచ్చుకున్నవాడే. కానీ వీడు ఆసినింగ్‌లో హైస్కూల్ ముగించే నాటికి ఒక్క పెద్ద కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇస్తామని రాలేదు. ఇంకో ఏడాది బాల్టిమోర్‌లో కాలేజీకి తయారుచేసే ఒక ప్రెప్ స్కూల్లో చదివాడు, ఈలోగా ఎత్తు పెరిగాడు, ఆఖరికి ఆరడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఆగాడు. అప్పుడు డేటన్ యూనివర్సిటీ తీసుకుంది. (మన దగ్గరైతే పదిహేడేళ్లకే ఎంసెట్ ర్యాంకు చూసి చుట్టాలంతా తీర్పు చెప్పేసి ఊరుకునేవాళ్లు. నాకు చెప్పారు కాబట్టి తెలుసు.)

ఇంతవరకు వచ్చేసరికి పాప కళ్లు తుడుచుకుని, "నాన్నా, నువ్వూ పొట్టే, అమ్మా పొట్టే. నేనెలా పెరుగుతాను?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి.

ఇంటికొచ్చి పప్పన్నం తిని సోఫాలో పడ్డాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఓబీ గురించి చెప్పేటప్పుడు అందరం ఎత్తు దగ్గరే మొదలుపెడతాం. కానీ అతను ఎత్తు లేనప్పుడు గార్డులా, అంటే బంతి నడిపించే ఆటగాడిలా ఆడాడు, బంతి తట్టుకుంటూ వెళ్లడం, పాస్ ఇవ్వడం అప్పటి అలవాట్లు. అవన్నీ చేతిలో పెట్టుకుని, రింగు దగ్గర ఆడే ఫార్వర్డ్ అయ్యాడు. అందుకే అతన్ని కాయడానికి పొడుగువాణ్ని పెడితే మూడు పాయింట్ల గీత దాకా బయటికి లాక్కొచ్చేవాడు, పొట్టివాణ్ని పెడితే నెత్తి మీంచి డంక్ కొట్టేవాడు. ఇంకో సంగతి, డేటన్‌కి వచ్చిన మొదటి ఏడాది, 2017-18లో, చదువుకి సంబంధించిన అర్హత కుదరక అతన్ని ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. ఏడాది పాటు బెంచీయే! పాపకి చెప్పాల్సింది ఇది కదా, నేనేమో అంగుళాలు చెప్పాను.

ఆ తర్వాతి ఏడాది మ్యాచ్‌కి సగటున 14.4 పాయింట్లు. దాని తర్వాతి ఏడాది 20. ఆ 2019-20 సీజన్లో ఈ ఊళ్లో లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. డేటన్ 29 గెలిచి రెండే ఓడింది, ఆ రెండూ ఓవర్‌టైమ్‌లోనే, ఒకటి హవాయిలోని మౌయీలో కాన్సాస్ యూనివర్సిటీ చేతిలో, ఇంకొకటి కొలరాడో యూనివర్సిటీ చేతిలో. మా ఆఫీసులో క్రికెట్ తప్ప ఇంకోటి మాట్లాడని మనవాళ్లు కూడా లంచ్‌లో రీబౌండ్ల లెక్కలు చెప్పుకునేవాళ్లు. డేటన్ యూనివర్సిటీ స్టేడియం యూడీ అరీనాలో ఒకసారి పై వరసలో కూర్చుని చూశాను, అతను బంతి అందుకుని ఒక అడుగు వేస్తే చాలు, పదమూడు వేల మంది ఒకేసారి లేచి నిలబడేవాళ్లు. మార్చి 7న ఆఖరి లీగ్ మ్యాచ్, జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ మీద. అందులో బంతిని కాళ్ల మధ్య నుంచి తిప్పి డంక్ కొట్టాడు, అదీ మ్యాచ్ జరుగుతుండగా. మా ఆవిడ టీవీ ముందు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అయిదు రోజులకి, మార్చి 12న, కోవిడ్ అని కాలేజీల జాతీయ టోర్నమెంటే రద్దు చేశారు. మా జట్టు మొదటి మ్యాచ్ క్లీవ్‌ల్యాండ్‌లో పడుతుందని ఆఫీసులో అంచనాలు వేసుకుని, మూడున్నర గంటల డ్రైవ్‌కి ఎవరి కారు తీయాలో కూడా మాట్లాడుకున్నాం. పులిహోర నేను తెస్తానన్నాను. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడిగా నైస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ ఓబీకే ఇచ్చారు గానీ, ఆ మార్చి మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు, నాకిప్పటికీ కడుపులో ఎక్కడో కలుక్కుమంటుంది.

తర్వాత ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో సొంతూరు జట్టు న్యూయార్క్ నిక్స్ ఎనిమిదో స్థానంలో తీసుకుంటే టీవీలోనే ఏడ్చేశాడు. అక్కడా అదే స్థానంలో ఆడే జూలియస్ రాండిల్ వెనక మూడేళ్లు ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. మధ్యలో 2022లో ఎన్‌బీఏ డంక్ పోటీ గెలిచాడు, అది జరిగింది, చూడండి, క్లీవ్‌ల్యాండ్‌లోనే. 2023లో ఇండియానా పేసర్స్ జట్టుకి మారాడు. 2025 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో బెంచీ మీంచి లేచి వచ్చి 20 పాయింట్లు కొట్టాడు, ఆ రోజు వాళ్ల జట్టులో అందరికంటే ఎక్కువ అతనివే. ఏడో మ్యాచ్ ఓడారు, అది వేరే సంగతి.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా పాపకి మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి అంగుళాలు తీసేసి. ఫోన్ చూస్తూ వింది, విందో లేదో తెలీదు. "అంటే దేశంలోకల్లా బెస్ట్ అన్నాక కూడా మళ్లీ బెంచీయేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. "చాలా అన్యాయం నాన్నా," అంది, తన సంగతి మర్చిపోయి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. గ్యారేజీలో బంతి చప్పుడు, ఎడమ చేత్తో అనుకుంటా, లయ తప్పుతోంది. రేపు స్కూలుంది పడుకోమని మా ఆవిడ రెండుసార్లు కేకేసింది. మూడోసారి నన్ను వెళ్లి చెప్పమంటోంది, ఈ పేజీ అయ్యాక వెళ్తానన్నాను.