అలమరలో ఎండ

చలికాలంలో కిటికీ దగ్గర ట్రేలో లెట్యూస్, మెంతి విత్తితే చాలనుకున్నాను. వారం తిరక్కుండానే మొలకలు దారాల్లా సాగి, కిటికీ వైపు వంగి, ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. వెలుతురు చాలకపోతే కాడ సాగుతుందని తెలుసు గానీ, ఆ గది నా కంటికి పట్టపగలులాగే ఉండేది. ఫోనులో వెలుతురు కొలిచే యాప్‌తో చూస్తే ట్రే దగ్గర 500 లక్సులు కూడా లేవు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. మన కళ్లు మసకకు ఇట్టే అలవాటు పడతాయి, మొక్క పడదు.

పుస్తకాల అలమరలో ఒక పలక తీసేసి, తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు వేలాడదీశాను. ఊదారంగు దీపాలే కావాలని చాలామంది అంటారు. నాకు తెల్లవే నచ్చాయి. ఊదా వెలుగులో ఆకు పచ్చగా ఉందో, పసుపు తిరిగిందో పోల్చుకోలేం. వేడి తగులుతుందేమోనని వాటిని రెండడుగుల ఎత్తున కట్టాను. మళ్లీ విత్తిన నారు మళ్లీ సాగింది! గొలుసు వదులు చేసి జానెడు ఎత్తుకు దించాక వచ్చిన ఆకులు పొట్టిగా, దళసరిగా ఉన్నాయి. మొక్క పెరిగేకొద్దీ గొలుసును ఒక్కో కడియం చొప్పున పైకి తగిలించేవాణ్ని. టైమరు రోజుకు 14 గంటలు.

ఎండ లేనిచోట మట్టి త్వరగా ఆరదు. నేనేమో అలవాటు కొద్దీ రోజూ నీళ్లు పోశాను. ట్రే కదిపితే చాలు, నల్లటి చిన్న ఈగలు లేచేవి. వాటి పిల్లపురుగులు తడిమట్టిలో ఉండి లేత వేళ్లను కూడా కొరుకుతాయి. పై అంగుళం మట్టి ఆరేదాకా నీళ్లు మాని, పసుపు జిగురు అట్టలు గుచ్చితే రెండు మూడు వారాలకు తగ్గాయి. ఇప్పుడు మట్టిలో వేలు గుచ్చి చూశాకే చెంబు పట్టుకుంటున్నాను.

లెట్యూస్ మధ్య చిగురు వదిలి, చుట్టూ ఆకులు మూడుసార్లు కోశాను. పొట్టి రకం టమాటా మాత్రం ఏడిపించింది. పూసిన పూలన్నీ రాలిపోయాయి. ఇంట్లో గాలి ఎక్కడిది, తేనెటీగ ఎక్కడిది? చివరికి బ్యాటరీ పళ్లబ్రష్‌ను పూకాడకు ఆనించి ఆడిస్తే పుప్పొడి పసుపు పొగలా రాలింది. ఆ గుత్తికి ఆరు కాయలు నిలిచాయి. ఆరు కాయల కోసం కాలిన కరెంటు తలచుకుంటే, వచ్చే చలికాలం టమాటా జోలికి వెళ్లను. ఆ చోట ఇంకో రెండు ట్రేల మెంతి పడుతుంది.