రౌటర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ: ఒక టిక్కు, రెండు సాయంత్రాలు

రాత్రి తొమ్మిది దాటితే మా ఇంట్లో నెట్ నెమ్మదిస్తోంది. లోపం బయటి లైన్‌లో ఉందో, ఇంట్లోనే ఏదో పరికరం లైన్‌నంతా వాడేస్తోందో తేల్చుకుందామని రౌటర్‌లోని ఎస్‌ఎన్‌ఎంపీ సెట్టింగులు తెరిచాను. తీగ తగిలించే ఏ పోర్టు గుండా ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో రౌటర్ ఎప్పుడూ లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. ఆ లెక్కను మన కంప్యూటర్ యూడీపీ అనే రవాణా పద్ధతిలో 161వ పోర్టు (ఇది తీగ తగిలించేది కాదు, ఈ పనికి కేటాయించిన సంఖ్య) ద్వారా అడిగి తెలుసుకునే పద్ధతే ఎస్‌ఎన్‌ఎంపీ.

'ఎనేబుల్' పక్కన టిక్కు పెట్టగానే, చదివే అనుమతి గడిలో 'పబ్లిక్' అనీ, రాసే అనుమతి గడిలో 'ప్రైవేట్' అనీ ముందే నిండి కనిపించాయి. లోకమంతటికీ తెలిసిన ఈ రెండు మాటలే ఇక్కడ తాళంచెవులు! రెండోదానితో సెట్టింగులనే మార్చేయవచ్చు కనుక దాన్ని తుడిచేశాను. మొదటిదాన్ని మార్చినా ఒరిగేది తక్కువే, ఎందుకంటే 1, 2సీ వెర్షన్లలో ఆ మాట ఏ ముసుగూ లేకుండానే నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తుంది. అందుకే 2002లో పూర్తి ప్రమాణంగా స్థిరపడిన 3వ వెర్షన్‌కు మారి, ధ్రువీకరణకు షా (SHA), ఎన్‌క్రిప్షన్‌కు, అంటే సందేశాన్ని ఇతరులు చదవకుండా మరుగుపరచడానికి, ఏఈఎస్ (AES) అనే పద్ధతులను ఎంచుకున్నాను. ఏడక్షరాల పాస్‌వర్డును నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ అనే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. కనీసం ఎనిమిది కావాలట. వ్యాన్ (WAN), అంటే బయటి ఇంటర్నెట్, వైపు నుంచి వచ్చే ప్రశ్నలను మూసేసి, 192.168.1.10 అనే నా కంప్యూటర్‌కు మాత్రమే అనుమతి ఇచ్చాను.

రెండో సాయంత్రమంతా ఆ లెక్కలతో వేగాన్ని గీసే గ్రాఫుకే పోయింది. పెద్ద ఫైలు ఒకటి 200 ఎంబీపీఎస్ వేగంతో దిగుతున్నా గ్రాఫు 85 దగ్గరే ఆగింది. నేను వాడిన కౌంటర్ 32 బిట్లది. 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, ఆ వేగంలో అందుకు మూడు నిమిషాలైనా పట్టదు. నేనేమో అయిదు నిమిషాలకొకసారి అడుగుతున్నాను. మధ్యలో ఒక చుట్టు తిరిగిపోయిందని నా కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. 64 బిట్ల కౌంటర్‌ను, అంటే ఇఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్‌ను, అడగడం మొదలుపెట్టాక గీత సరైన చోటికి చేరింది. ఆ కౌంటర్ 1వ వెర్షన్‌లో అందదు, పాతదాన్ని పట్టుకుని వేలాడకపోవడానికి అదొక్కటి చాలు.

ఆ రాత్రి సరిగ్గా తొమ్మిదింటికి మూడో పోర్టు గీత నిటారుగా లేచింది. ఆ పోర్టుకు తగిలించి ఉన్నది సీసీ కెమెరాల రికార్డర్. పగలంతా తీసిన దృశ్యాలను రాత్రి తొమ్మిదింటికి క్లౌడ్‌కు పంపమని అందులో సమయం పెట్టింది నేనే.