బేరా బండల మీద తల్లీ పిల్లలూ

చిరుతల్ని చూద్దామని రాజస్థాన్‌లోని బేరాకి వెళ్లాను. ఉదయపూర్ నుంచి అక్కడి దాకా దారి గురించి చెప్పేదేమీ లేదు. మూడు గంటల సఫారీ జిప్సీకి 4,500 అడిగినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. మొదటి సాయంత్రం నెమళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

జవాయి డ్యామ్ చుట్టూ అన్నీ నున్నటి గ్రానైట్ కొండలే. చూడగానే నా చిన్నప్పటి గచ్చిబౌలి గుర్తొచ్చింది. మనం ఆ బండల్ని పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టుకున్నాం. ఇక్కడ వాటి గుహల్లో చిరుతలు కాపురం ఉంటున్నాయి. కింద ఆవాల చేలు, బోర్లు, ఇళ్లు.

రెండో సాయంత్రం, కొండ మీది అమ్మవారి గుడికి ఎదురుగా డ్రైవర్ ఇంజిన్ కట్టేసి గడ్డంతో పైకి చూపించాడు. నాకు రాళ్లే కనబడ్డాయి. వాటిలో ఒకదానికి తోక కదిలింది. తల్లి చిరుత! కాసేపటికి దాని వీపు వెనక నుంచి రెండు బుల్లి తలలు లేచాయి. ఒకటి తోక పట్టుకోబోయి బండ మీద జర్రున జారి, గోళ్లతో పాక్కుంటూ మళ్లీ ఎక్కింది. తల్లి దాని మెడ నాకుతోంది గానీ చూపంతా కిందికే.

కింద మేకలు ఇంటికి పోతున్నాయి. వెనకాల ఎర్ర తలపాగా పెద్దాయన, పశువులు కాచుకునే రబారీ. ఆ బండకీ ఆయనకీ మధ్య రెండు వందల అడుగులు కూడా ఉండదు. ఒకసారి తలెత్తి చూసి, మేకల్ని అదిలించుకుంటూ మా బండి పక్కకి వచ్చాడు.

"కాకా, భయం వెయ్యదా?" అని మా హైదరాబాద్ హిందీలో అడిగాను. ఆయన మార్వాడీ సగమే అర్థమైంది, మిగతాది డ్రైవర్ చెప్పాడు. "మేక పోతే అమ్మవారు తీసుకుంది అనుకుంటామమ్మా. దానికీ పిల్లలున్నాయిగా."

ఆ మాట నాకు వెంటనే మింగుడు పడలేదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మేం కొండెక్కినప్పుడు చేతికి కర్రలిచ్చారు. పొదల వైపే చూస్తూ గోవింద నామాలు చెప్పాను, పై దాకా మా అమ్మాయి చెయ్యి వదల్లేదు. అందుకే మళ్లీ అడిగాను, మరి మీ పిల్లల సంగతేంటని. "పొద్దుగూకితే గడప దాటనివ్వం" అన్నాడు.

చీకటి పడేసరికి ఐదు జిప్సీలు చేరాయి. ఒకరు సెర్చ్ లైట్ తిన్నగా పిల్లల కళ్లలోకి కొట్టారు. తల్లి ఒకదాన్ని మెడ దగ్గర కరుచుకుని గుహలోకి దూకింది. రెండోది ఆ వెలుగులో ఒక్కతే, బండకి కరుచుకుపోయి, కళ్లు చిట్లించి. అరుద్దామంటే అది ఇంకా బెదురుతుందేమోనని నోరు నొక్కుకున్నాను. మా డ్రైవర్ వెళ్లి గట్టిగా చెప్పాకే లైటు ఆర్పారు.

అంతలో గుళ్లో హారతి గంట మొదలైంది. దానికి ఆ పిల్ల చెవైనా కదపలేదు. గంట ఆగకముందే తల్లి వచ్చి తీసుకుపోయింది.

మర్నాటి సఫారీ రద్దు చేసుకున్నాను. సగం డబ్బులే తిరిగిచ్చారు.