అత్తయ్యగారితో మొదటిసారి థాయిలాండ్: నా అనుభవం

బ్యాంకాక్‌కి టికెట్లు బుక్ అయినప్పటి నుంచి మా అత్తయ్యగారికి రెండే బెంగలు: అక్కడ తినడానికి ఏం దొరుకుతుంది, గుళ్ళలోకి మనల్ని రానిస్తారా? ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. దేశం దాటడం ఆవిడకీ నాకూ అదే మొదలు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. 2025 మే 1 నుంచి అక్కడ దిగే విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే నకిలీ సైట్లున్నాయి కాబట్టి థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ళ సొంత సైటులోనే నింపండి. వీసా రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందే చూసుకోండి.

బ్యాంకాక్‌లో మొదట చూసింది గ్రాండ్ ప్యాలెస్. 1782లో మొదటి రామ అనే థాయ్ రాజు కట్టించడం మొదలుపెట్టిన కోట అది. విదేశీయులకి టికెట్టు 500 బాత్ (థాయ్ డబ్బు). భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, లేకపోతే లోపలికి పంపరు. మావారికి షార్ట్స్ వద్దని హోటల్లోనే చెప్పాను. అత్తయ్యగారు చీర కొంగు భుజాల నిండా కప్పుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. గేటుకి కాస్త దూరంలో ఒకతను ఎదురొచ్చి, ఇవాళ ప్యాలెస్ మూసేశారు, టుక్‌టుక్‌లో, అంటే అక్కడి ఆటోలో, వేరే గుడికి తీసుకెళ్తానన్నాడు. ఇది అక్కడ పాత ఎత్తుగడ, చివరికి రాళ్ళ నగల షాపులో తేలుస్తారు. నవ్వి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, గేటు దాకా నడిచేయండి. తెరిచే ఉంటుంది.

లోపల మరకత బుద్ధుడి గుడి. ఏడాదికి మూడుసార్లు, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మొదలయ్యేటప్పుడు ఆ విగ్రహానికి రాజుగారే వస్త్రం మారుస్తారు. చెప్పులు బయటే విడవాలి, గడప తొక్కకుండా దాటాలి. ఇవి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇబ్బందల్లా కూర్చోవడం దగ్గరే. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, కాళ్ళు ముందుకి చాపుకుంటేగానీ కింద కూర్చోలేరు. అక్కడ అలా చాపితే పాదాలు బుద్ధుడి వైపు ఉంటాయి, దాన్ని వాళ్ళు చాలా అమర్యాదగా చూస్తారు. అందుకని వెనక నిలబడే దణ్ణం పెట్టుకున్నారు. పెద్దవాళ్ళతో వెళ్తే ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఆ గుడి చుట్టూ ఉన్న మండపం గోడల మీద రామకియెన్, అంటే వాళ్ళ రామాయణం, 178 చిత్రాలుగా ఉంటుంది. నాకైతే మొత్తం ప్రయాణంలో అదే ఎక్కువ నచ్చింది. తెల్లటి హనుమంతుణ్ణి చూడగానే అత్తయ్యగారు చెంపలేసుకున్నారు. కానీ వాళ్ళ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురైన బంగారు మత్స్యకన్య వారధి రాళ్ళు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆమెని ప్రేమిస్తాడు, కొడుకూ పుడతాడు. నేను చెబితే ఆవిడ ముఖం మాడిపోయింది. "అదేంటమ్మాయ్, అపచారం కాదూ?" అన్నారు. "వాళ్ళ రామాయణం వాళ్ళది అత్తయ్యగారూ, వాళ్ళకీ ఆయన దేవుడితో సమానమే" అన్నాను. తర్వాత ప్రతి చిత్రం దగ్గరా ఆగి, "ఇందులో ఏమవుతుంది?" అని ఆవిడే అడిగారు. మన కథకి తేడాగా ఉందని అక్కడ ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దని నా మనవి.

తల సంగతి కూడా చెప్పాలి. మనం చిన్నపిల్లలు కనబడితే తల నిమురుతాం, అది మన ముద్దు. థాయ్ వాళ్ళకి శరీరంలో అన్నిటికంటే పవిత్రమైనది తల, పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. ఇదెంత గట్టి నమ్మకమో అయుత్తయలో తెలిసింది. 1767లో బర్మా సైన్యం నేలమట్టం చేసిన పాత రాజధాని అది. అక్కడ వాట్ మహాథాట్ అనే గుడిలో చెట్టు వేళ్ళు అల్లుకుపోయిన బుద్ధుడి శిరస్సు ఉంది. ముఖం తప్ప అంతా వేళ్ళే. అది నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, పక్కన ఫొటో దిగేవాళ్ళు తమ తల బుద్ధుడి తల కంటే కిందికి ఉండేలా కూర్చోవాలి. మేం వెళ్ళేసరికి ఎవరో కుర్రాడు నిలబడి సెల్ఫీ తీసుకోబోతుంటే, గార్డు అరవకుండా, చేత్తో కిందికి సైగ చేసి కూర్చోబెట్టాడు.

అరవకపోవడం అక్కడ ప్రతిచోటా కనిపిస్తుంది. మా హోటల్లో కింది అంతస్తు గది అడిగితే పైన ఇచ్చారు. మావారు నెమ్మదిగా, నవ్వుతూ, అమ్మకి మోకాళ్ళ నొప్పులని చెప్పారు. కాసేపట్లో గది మారింది. నలుగురిలో గొంతు పెంచితే అవతలివాళ్ళ పరువు తీసినట్టే, ఆ తర్వాత పని ముందుకి సాగదు. మాట చివర మగవాళ్ళు "క్రాప్", ఆడవాళ్ళు "ఖా" అని కలిపితే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

ఇక తిండి. పసుపు జెండా మీద ఎర్రగా "జే" అనే థాయ్ అక్షరాలు కనిపిస్తే అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా. ఆ అక్షరాల ఫొటో ఫోన్లో పెట్టుకుని తిరిగాం. మామూలు హోటళ్ళలో కూరగాయల వంటకమని తెచ్చినదాంట్లోనూ ఫిష్ సాస్ ఉంటుంది. పచ్చి బొప్పాయి సలాడ్ చూడ్డానికి శాకాహారమే, కానీ అందులో ఎండు రొయ్యలు వేస్తారు. నమ్మకం కుదరని చోట అన్నం, పళ్ళు, మేం తీసుకెళ్ళిన కందిపొడితో సరిపెట్టుకున్నాం.

రాజకుటుంబం గురించి సరదాకి కూడా మాట్లాడొద్దు. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. నోట్ల మీద రాజుగారి బొమ్మ ఉంటుంది, కింద పడిన నోటుని కాలితో ఆపకండి. ఉదయం 8కి, సాయంత్రం 6కి జాతీయగీతం వినిపిస్తే చుట్టూ ఉన్నవాళ్ళలాగే ఆగి నిలబడండి. ఆడవాళ్ళు బౌద్ధ భిక్షువులని తాకకూడదు, రద్దీలో కొంచెం చూసుకుని నడవాలి.

బుద్ధుడి విగ్రహం కొనుక్కుని తెచ్చుకోవాలనుకుంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి తీసుకోవాలి. అనుమతి పత్రం తెప్పించి ఇస్తారో లేదో డబ్బులు కట్టకముందే షాపువాళ్ళని అడగండి. దానికి టైం పడుతుంది, ఆఖరి రోజుకి ఉంచుకోకండి.