ఆ పాట తర్వాత ఈ పాటే రావాలి

మొన్న ఆదివారం విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక కార్లో ఒక పాత డ్యూయెట్ వచ్చింది. అది అయిపోయి తర్వాతి పాట ఇంకా మొదలవకముందే నేను వేరే సినిమాలోని విషాద గీతం ఎత్తుకున్నాను. "ఆ సినిమాలో ఈ పాటెక్కడుందండీ?" అంది మా ఆవిడ. లేదు. హీరోలు వేరు, సంగీత దర్శకులు వేరు, రెండు సినిమాలకీ మధ్య పన్నెండేళ్ల తేడా. కానీ నా చెవికి మాత్రం దాని వెనక ఇది రావాల్సిందే. రాకపోతే చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలేసి తూలినట్టు ఉంటుంది.

దీనంతటికీ కారణం 2006లో కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న ఎంపీ3 ప్లేయర్. ఊరూ పేరూ లేని చైనా సరుకు. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, లోపల ఒక సన్న బ్యాటరీ, మూత తీస్తే యూఎస్‌బీ, బుల్లి నీలం స్క్రీన్ మీద పాట పేరుకి బదులు దాన్ని దింపిన వెబ్‌సైట్ పేరు పాకుతూ పోయేది. 1 జీబీ. 128 కేబీపీఎస్ పాటకి నిమిషానికి ఇంచుమించు 1 ఎంబీ చొప్పున ఓ 200 పాటలు పట్టేవి. జేబులో వెయ్యి పాటలంటూ ఐపాడ్ 2001లోనే వచ్చిందనుకోండి, అమీర్‌పేట హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లకి 200 పాటలే పెద్ద పండగ.

అసలు గమ్మత్తు ఏంటంటే ఆ డబ్బాకి సినిమా, ఆల్బమ్, అక్షర క్రమం ఏవీ తెలియవు. ఏ ఫైల్ ముందు కాపీ అయితే అదే ముందు పాడుతుంది. కంప్యూటర్లో ఆరు పాటలూ సెలెక్ట్ చేసి లాగితే, మౌస్‌తో ఏ పాటని పట్టుకుని లాగామో అది ముందు ఎక్కి కూర్చునేది. ఒక పాట చెరిపేసి కొత్తది వేస్తే చాలాసార్లు అది చివరికి పోయేది కాదు, బస్సులో కర్చీఫ్ వేసుకున్న సీట్లోకి వచ్చి కూర్చున్నట్టు సరిగ్గా పాతది ఖాళీ చేసిన చోటే దూరేది. అలాగే ఘంటసాల భగవద్గీత శ్లోకాలు కొన్ని రెండు డ్యూయెట్ల మధ్య ఇరుక్కున్నాయి. మన ఊళ్లలో మైకులో ఆ గొంతు వినపడితే "అయ్యో, ఎవరింట్లో?" అని అడుగుతాం కదా, నాకు రోజూ పటాన్‌చెరు బస్సులో మియాపూర్ దగ్గర ఎవరో ఒకరు పోయేవారు. ఏడాదిన్నర అదే వరస విన్నాను. ఆ డ్యూయెట్, ఆ ఏడుపు పాట అక్కడే ఇరుగుపొరుగయ్యాయి.

ఎంపీ3 ప్లేయర్లు ఆల్బమ్‌ని చంపేశాయని ఇంగ్లీషు పాటలు వినేవాళ్లు తెగ బాధపడిపోతుంటారు. అక్కడ పాటల వరస కూడా పాడేవాళ్లు ఆలోచించి పెట్టుకున్నదే కాబట్టి ఆ బాధలో అర్థముంది. మన సినిమా క్యాసెట్‌కి అంత సీనుందా? ఏ వైపు ఒక సినిమా, బీ వైపు ఇంకో సినిమా. అదీ వద్దనుకుంటే కాగితం మీద ఇరవై పాటలు రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే 90 క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు, చివరి పాట రెండో చరణంలో టప్పున తెగిపోయేది. ప్లేలిస్టు ఐపాడ్ కనిపెట్టిందంటే ఆ షాపాయన నవ్వుతాడు. కాకపోతే క్యాసెట్‌లో ఒక పాట దాటాలంటే బటన్ నొక్కిపట్టి, ఆపి, విని, కాస్త వెనక్కి తిప్పి... ఈ గోలకంటే నచ్చని పాట వినేయడమే తేలిక. అలా విని విని ఇష్టపడిన పాటలు నాకు కనీసం పది ఉంటాయి. నెక్స్ట్ బటన్ వచ్చాక ఒక్కటీ లేదు.

మా ఇంట్లో ఆల్బమ్ అంటూ నిజంగా ఏమైనా ఉందంటే అవి నాన్న కచేరీ క్యాసెట్లే. అమెరికా నుంచి వచ్చిన బావ ఆయనకి ఐపాడ్ ఇచ్చాడు, నేను అవే కచేరీల సీడీలు కొనుక్కొచ్చి అందులోకి ఎక్కించాను. సీడీలో ఆలాపన ఒక ట్రాక్, కీర్తన ఒక ట్రాక్, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం ఇంకో ట్రాక్. షఫుల్ ఆన్‌లో ఉన్న సంగతి నేను చూసుకోలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "మంగళం పాడేశాక తీరిగ్గా ఆలాపన మొదలెట్టాడేంట్రా వీడు? ఇందాకేమో కీర్తనే లేదు, మృదంగం ఒక్కటీ పావుగంట వాయించాడు" అన్నారు. షఫుల్ తీసేయించాక ఆ ఐపాడ్ ఆయన దగ్గర చాలా ఏళ్లు బతికింది. బ్యాటరీ పోయేనాటికి యాపిల్ వాళ్లు ఐపాడ్ తయారీయే మానేశారు, 2022 మేలో.

మొన్న విజయవాడ వెళ్లింది ఆ పని మీదే. నాన్న కోసం పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్ ఒకటి తీసుకెళ్లాను. ముందురోజు రాత్రి పరీక్షిస్తే తెలిసింది, ఇదీ ఆ కోఠి డబ్బాకి చుట్టమే, కాపీ చేసిన వరసలోనే పాడుతోంది. సరే అని ట్రాకుల్ని ఒక్కొక్కటిగా, ముందుది పూర్తిగా ఎక్కాకే తర్వాతిది కాపీ చేస్తూ కూర్చున్నాను. అర్ధరాత్రి అయింది. అయినా ఒక లోపం పోలేదు. ఎంపీ3 పాటని సుమారు 26 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోసి దాస్తుంది, చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది, దానికి తోడు ఈ స్పీకర్ తర్వాతి ఫైల్ వెతుక్కోవడానికి ఇంకో అర సెకను తీసుకుంటుంది. తంబురా నిండుగా మోగుతూ మోగుతూ ఠక్కున ఆగి మళ్లీ వస్తుంది. నాకు అన్నంలో రాయి తగిలినట్టు అనిపిస్తుంది.

నాన్న కుర్చీలో కళ్లు మూసుకుని వింటున్నారు. ఆలాపన అయిపోయింది. కీర్తనకి ముందు ఆ ఖాళీ వచ్చింది. నేను సంజాయిషీ చెబుదామనుకునేలోపే ఆయన కళ్లు తెరవకుండానే స్పీకర్ వైపు చెయ్యి చాపారు.

"ఏం కావాలి నాన్నా?"

"ఏ వైపు అయిపోయింది కదరా" అన్నారు, ఇంకా కళ్లు మూసుకునే. "తిప్పాలి."